కీమో నడుస్తున్న పిల్లలకు ఇంటి దగ్గర దిక్కెవరు? ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

పిల్లల క్యాన్సర్ వార్డుల్లో పనిచేసే నర్సులం, ఆ పిల్లల కుటుంబాలకు తోడుగా తిరిగే కార్యకర్తలం కలిసి రాస్తున్నాం. పిల్లల క్యాన్సర్ అనగానే కొత్త భవనాలు, కొత్త యంత్రాల మాట వస్తుంది. అవీ కావాలి, కాదనం. కానీ పిల్లల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ ల్యూకీమియాకు (ఒక రకం రక్త క్యాన్సర్) చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. ఆసుపత్రి మంచం మీద గడిచేది అందులో కొంతే, మిగతాదంతా ఇంట్లోనే. ఇంట్లో జరిగే ఆ చికిత్సను చూసుకునే బాధ్యత ఎవరిమీదా లేదు. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతుంటే, పేద, మధ్య ఆదాయ దేశాల్లో 30 శాతం లోపే బతుకుతున్నారు. కనీసం 60 శాతం అయినా బతకాలని, అదీ 2030 నాటికి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. ల్యూకీమియా మందులు చాలావరకు రెండు చోట్లా అవే, మెర్కాప్టోప్యూరిన్ అనే కీమో మాత్ర అయితే 1950ల నాటిది. తేడా చాలాచోట్ల ఆసుపత్రి గేటు దాటాక వస్తోంది.

ముందు జ్వరం సంగతి. కీమో పడిన వారం, పది రోజులకు కౌంట్లు (రక్తకణాల సంఖ్య) పడిపోతాయి. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 500 కన్నా తగ్గిన బిడ్డకు జ్వరం ఒక్కసారి 101 ఫారెన్‌హీట్ తాకినా, 100.4 దగ్గర గంటసేపు నిలిచినా అది అత్యవసరమే. రక్తం కల్చర్‌కు (ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకు) తీసి, గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించాలి. జరిగేది వేరు. తల్లి పారాసెటమాల్ వేస్తుంది, జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం దిగదు. తెల్లవారాక దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే, దగ్గుతున్న వాళ్ల మధ్య ఓపీ వరుసలో కూర్చోబెడతారు. డ్యూటీ డాక్టర్ చూస్తే ఎక్కడా చీము లేదు, ఎరుపు లేదు, వాపు లేదు. ఎలా ఉంటాయి? చీము పట్టాలన్నా తెల్లకణాలే కావాలి కదా. ‘కౌంట్ రిపోర్టు రానివ్వండి’ అంటారు, లేదా భయపడి ‘మీ పెద్దాసుపత్రికే వెళ్లండి’ అంటారు. ఆ దారిలోనే బీపీ పడిపోతుంది. స్టెరాయిడ్ వాడుతున్న పిల్లలకైతే జ్వరమే రాకపోవచ్చు. బిడ్డ నీరసంగా పడుకుని, కాళ్లూ చేతులూ చల్లబడితే అదే గుర్తు.

దీనికి కావాల్సింది ఒక కార్డు, ఒక ఉత్తర్వు. కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఇలా ఉండాలి: ‘ఈ బిడ్డకు కీమో నడుస్తోంది. వరుసలో ఆపవద్దు. కౌంట్ రిపోర్టు కోసం ఆగవద్దు. కల్చర్ తీసి మొదటి డోసు వెంటనే ఇవ్వండి. కండకు సూది వద్దు, మలద్వారం నుంచి థర్మామీటర్ గానీ మందు గానీ వద్దు.’ కింద బిడ్డ బరువు, మందు పేరు, ఆ బరువుకు పడే డోసు, రాత్రయినా ఎత్తే ఒక ఫోన్ నంబరు. మొదటి డోసు ఇవ్వకుండా ఏ ప్రభుత్వ ఆసుపత్రీ ఆ బిడ్డను పెద్దాసుపత్రికి పంపకూడదని ఉత్తర్వు ఇవ్వండి. పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ లాంటి యాంటీబయాటిక్ నాలుగు వయల్స్ క్యాజువాలిటీ అల్మారాలోనే ఉండాలి. స్టోర్ తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతుక్కునే పరిస్థితి రాకూడదు. డిశ్చార్జి రోజున ఫైలుతో పాటు ఒక డిజిటల్ థర్మామీటర్ ఇచ్చి, దాంతో జ్వరం ఎలా చూడాలో తల్లి చేత ఒకసారి చేయించి పంపాలి.

రెండోది మాత్రలు. ఇంటి దగ్గర మాత్రలతో సాగే చివరి దశ అయిన మెయింటెనెన్స్‌లో ఏడాదిన్నర, రెండేళ్ల పాటు మందు వేసేది అమ్మానాన్నలే. మెర్కాప్టోప్యూరిన్ మాత్ర 50 మిల్లీగ్రాములు. శరీర వైశాల్యం 0.6 చదరపు మీటర్లున్న మూడేళ్ల బిడ్డకు చదరపు మీటరుకు 50 చొప్పున రోజుకు 30 మిల్లీగ్రాములు కావాలి. మాత్రలో 30 ఎలా విరుస్తారు? అందుకని వారం లెక్క వేస్తాం: ఆరు రోజులు అర మాత్ర, ఒక రోజు పూర్తి మాత్ర, మొత్తం 200, అంటే వారానికి కావాల్సిన 210కి దగ్గర. ఈ లెక్క చీటీ మీద గొలుసుకట్టు రాతలో ఉంటే ఏ ఇంట్లో పొరపాటు జరగకుండా ఉంటుంది? పైగా మాత్రను కత్తితో కోస్తే పొడి రాలుతుంది, ఆ పొడి వట్టి చేతులకు తగలకూడదు, గర్భిణి అయితే అసలు ముట్టుకోకూడదు.

అంతకన్నా ప్రమాదం మెథోట్రెక్సేట్ అనే ఇంకో కీమో మాత్రతో. అదే బిడ్డకు అది వారానికి ఒక్కరోజే, 2.5 మిల్లీగ్రాముల మాత్రలు ఐదు. పొరపాటున రోజూ వేస్తే నోరంతా పుండ్లు పడి, కౌంట్లు కుప్పకూలి, ప్రాణం మీదికి వస్తుంది. మందుల షాపులో 2.5 బదులు 10 మిల్లీగ్రాములవి ఇస్తే అవే ఐదు మాత్రలు నాలుగు రెట్ల డోసు అవుతాయి. కాబట్టి పిల్లల వార్డులకు 2.5 తప్ప వేరే బలం సరఫరా చెయ్యకండి. వారాల పేర్లు అచ్చువేసిన ఏడు గళ్ల డబ్బాలో ఫార్మసిస్టే మాత్రలు సర్ది, మెథోట్రెక్సేట్ గడికి వేరే రంగు పెట్టి ఇవ్వాలి. మెర్కాప్టోప్యూరిన్‌కు మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములుండే ద్రవ రూపం ఉంది. చిన్నపిల్లలకు దాన్ని కొనుగోలు జాబితాలో చేర్చండి.

రక్తం గడ్డకట్టించే కణాలైన ప్లేట్‌లెట్ల గురించి క్లుప్తంగా. అవి 20 నుంచి 24 సెల్సియస్ మధ్య, కదుపుతూ ఉంచితే సాధారణంగా ఐదు రోజులే నిలుస్తాయి. వరుసగా సెలవులొస్తే నిల్వ ఖాళీ. అప్పుడు ‘దాతను తెచ్చుకోండి’ అని తండ్రిని రోడ్డు మీదికి పంపడం వైద్యం కాదు. బ్లడ్ బ్యాంకే స్వచ్ఛంద దాతల జాబితా పెట్టుకుని వంతులవారీగా పిలవాలి. బిడ్డకు మూలకణ మార్పిడి అవసరపడొచ్చనుకుంటే, ఇంట్లోవాళ్ల రక్తం అసలే ఎక్కించకూడదు.

కీమో నడుస్తున్న బిడ్డ చదివే బడిలో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే ఆ రోజే ఇంటికి కబురు రావాలి. ఆ బిడ్డకు రక్షణ ఇంజెక్షన్ వీలైతే 96 గంటల్లోపే పడాలి.

ఇక మధ్యలో మానేసే వాళ్ల సంగతి. నెల రోజుల ఇండక్షన్ (చికిత్స మొదటి దశ) అయ్యాక ఎముక మూలుగ పరీక్షలో క్యాన్సర్ కణాలు 5 శాతం లోపుకొస్తాయి. బిడ్డ ఆడుకుంటుంటాడు, కొన్నాళ్లకు జుట్టూ మొలుస్తుంది. నయమైపోయిందని ఇల్లంతా అనుకుంటుంది. లోపల ఇంకా కోట్ల కణాలుంటాయని ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? స్టెరాయిడ్ వారాల్లో పిల్లాడు అర్ధరాత్రి లేచి ఆకలని ఏడుస్తాడు, తల్లినే కొడతాడు. అది మందు చేసే పనే గానీ మొండితనం కాదని ముందే చెప్పారా? వీటికి తోడు దారి ఖర్చు, పోయిన కూలి, ఇంటి దగ్గర వదిలేసి వచ్చిన రెండో బిడ్డ.

చికిత్స నాలుగు వారాలు తప్పితే మానేసినట్టు లెక్కించడం అంతర్జాతీయంగా ఉన్న పద్ధతి. అప్పటిదాకా ఆగితే ఆలస్యమే. రావాల్సిన రోజు సాయంత్రానికి రాకపోతే మరునాడే ఫోన్ వెళ్లాలి. అందుకు ప్రతి పిల్లల క్యాన్సర్ వార్డులో ఒక ఉద్యోగిని నియమించండి. దారి ఖర్చులు, ఆసుపత్రి దగ్గర బస అప్పటికప్పుడు మంజూరు చేసే అధికారం ఆ ఉద్యోగికే ఇవ్వండి. అది లేకుండా ‘ఎందుకు రాలేదమ్మా’ అని అడిగి ఫోన్ పెట్టేస్తే ఆ తల్లికి అది ఇంకో నిందలాగే వినిపిస్తుంది.

ఇట్లు,
పిల్లల క్యాన్సర్ వార్డుల నర్సులు, కుటుంబ సహాయ కార్యకర్తలు