శనివారం చెక్ భాష ప్రాక్టీస్: కొత్తగా ప్రాగ్ వచ్చినవాళ్లందరూ రండి

అందరికీ హాయ్!

ఈ శనివారం ఉదయం 10 గంటలకు దెయ్‌విత్సె రైతుబజారు దగ్గర కలుద్దాం. మెట్రో ఎ లైన్‌లో దెయ్‌విత్స్కా స్టేషన్‌లో దిగితే పక్కనే. క్లాసులా కూర్చోబెట్టి గ్రామర్ చెప్పం, టెన్షన్ వద్దు. ఏడు విభక్తుల గొడవ యూనివర్సిటీ వాళ్లు చూసుకుంటారు.

వచ్చేలోగా ఇవి నోటికి రావాలి:
దొబ్రీ దెన్ (నమస్కారం), ద్యెకుయి (థాంక్స్), ప్రొసీమ్ (ప్లీజ్), కొలిక్ తొ స్తొయీ (ఎంత?), ఇంకా ఒకటి నుంచి పది అంకెలు.

షాపులోకి వెళ్లగానే దొబ్రీ దెన్ అనండి. అనకుండా నేరుగా ఇంగ్లీష్ మొదలుపెడితే కౌంటర్‌లో ఆవిడ ముఖం మాడ్చుకున్నా ఆశ్చర్యపోకండి.

చదవడం మనకు పెద్ద కష్టం కాదు. అచ్చు మీద గీత ఉంటే దీర్ఘం, అంతే. ఎప్పుడూ మొదటి అక్షరాన్నే నొక్కి పలకాలి. నెత్తిన టోపీ ఉన్న 'ర' (ř) మాత్రం ఎవరికీ ఒక పట్టాన రాదు, వదిలేయండి!

మెన్సాలో (యూనివర్సిటీ క్యాంటీన్‌లో) తినేవాళ్లకు ముఖ్యం: హొవ్యెజీ అంటే బీఫ్, వెప్ర్షొవే పంది మాంసం, కుర్షెత్సీ చికెన్. శాకాహారులు 'బెజ్ మస' అని అడగండి. అయినా సూప్‌లో ఏముందో మళ్లీ అడగడం మంచిది.

శనివారం బజారులో ఒక్కొక్కరు ఒక్కో వస్తువు చెక్‌లోనే అడిగి కొనాలి. చిల్లర క్రౌన్లు (ఇక్కడి డబ్బులు) తెచ్చుకోండి. వచ్చేవాళ్లు గురువారం రాత్రిలోగా ఇక్కడే పేరు పెట్టండి.

మర్చిపోవద్దు: ట్రామ్ ఎక్కగానే పేపర్ టికెట్ పసుపు మెషీన్‌లో స్టాంప్ చేయాలి. లేకపోతే ఫైన్ పడుతుంది.