బోనంగమ్మ కొండ కింద మాకు తలుపు తీసిన ఇంటికి

డిసెంబరు 7న క్షేమంగా ఇంటికి చేరాం. ఆ రాత్రే ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను, చేతకాలేదు. తమ్ముడి కాలికి కట్టు, ఇంట్లో అమ్మ కన్నీళ్లు, ఒంట్లో ఇంకా వదలని చలి. ఇప్పుడు సంక్రాంతి వెళ్లింది. మరోసారి పాడేరు వెళ్లి వాళ్లందరినీ చూసి వచ్చాక రాస్తున్నాను.

పేర్లు రాయవద్దని వాళ్లే అన్నారు. ఊరి పేరూ వద్దన్నారు. అందుకని ఇందులో ఎవరి పేరూ ఉండదు. ఆ ఊళ్లో ఇంటర్ చదివే అమ్మాయి ఒకరుంది. ఇది రాస్తే సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపిస్తానంది. తల్లీ, కొంచెం నిదానంగా చదువు. మీ పెద్దమ్మకు వినికిడి తక్కువ కదా.

మేం ఐదుగురం. నేను, మావారు, సెలవుపై బెంగళూరు నుంచి వచ్చిన మా తమ్ముడు, వాడి స్నేహితులు ఇద్దరు. పాడేరు దగ్గర వంజంగి మేఘాల గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. దాదాపు 3,400 అడుగుల ఎత్తున బోనంగమ్మ కొండ మీద నిలబడితే, తెల్లవారుజామున కాళ్ల కింద లోయలన్నీ పాలు పోసినట్టు నిండిపోతాయి. శీతాకాలంలో అది చూడడానికి వేల మంది వస్తారు. ఆ రద్దీ వద్దనుకున్నాం. కొండకు వెనుక వైపు, జనం రాని వాలులో గుడారం వేసుకుని, నెగడు రాజేసుకుని ఒక రాత్రి గడపాలని మా కోరిక. వారాంతమైతే పక్క వాలు కూడా కిటకిటలాడుతుందని 2023 డిసెంబరు 4, సోమవారం ఎంచుకున్నాం.

తుఫాను సంగతి తెలియక కాదు. ముందు రోజే బంగాళాఖాతంలో వాయుగుండం తుఫానుగా మారింది. దానికి మయన్మార్ ఇచ్చిన మిచౌంగ్ అనే పేరు అందరి నోటా నానుతోంది. చెన్నై నీట మునిగిన దృశ్యాలు బయలుదేరే ముందు టీవీలో చూశాం. నెల్లూరు, బాపట్ల వైపు వెళ్తోందన్నారు. బాపట్ల ఎక్కడ, పాడేరు ఎక్కడ అనుకున్నాం. అదే మేం చేసిన తప్పు. తీరం దాటేది ఒకచోటే అయినా, తుఫాను మేఘాలు వందల కిలోమీటర్లు పరుచుకుంటాయి. సముద్రం మీద నుంచి వచ్చే తేమ గాలి తూర్పు కనుమలను ఎక్కుతూ చల్లబడి, మైదానంలో కురిసేదానికన్నా ఎక్కువగా కొండల మీద కురుస్తుంది. నేను పదవ తరగతి పిల్లలకు ఈ పాఠమే చెబుతాను. చెప్పేదానికీ చేసేదానికీ మధ్య ఇంత దూరం ఉంటుందని ఆ రోజు తెలిసింది.

సాయంత్రం కొండ ఎక్కుతుంటే ఒకాయన ఎదురుపడ్డారు. నెత్తిన కట్టెల మోపు, చేతిలో కత్తి. ఎక్కడికి అని అడిగారు. చెప్పాం. ఆకాశం వైపు చూసి, "ఈ రాత్రికి వద్దు బాబూ, కింద బడి వరండాలో పడుకోండి" అన్నారు. మావారు నవ్వుతూ, ఏం కాదులే అన్నా, గుడారం గట్టిదే అన్నారు. ఆయన మరో మాట అనకుండా మా సామాను వంక ఒకసారి చూసి దిగిపోయారు. ఆయనే రాత్రి మూడు గంటలకు మళ్లీ వచ్చారు.

పదింటికి చినుకులు మొదలయ్యాయి. పన్నెండు దాటాక వాన ఒక్క తీరుగా పడడం మానేసి, అటు నుంచి ఇటు నుంచి కొట్టడం మొదలుపెట్టింది. రెండు గంటలప్పుడు గుడారం ఊచ ఒకటి ఫెళ్లున విరిగింది. గుడ్డ మా మీద పడింది. కింద నుంచి నీళ్లు. కారి వచ్చిన నీళ్లు కావవి, పారి వచ్చిన నీళ్లు. చెప్పులు, వంట సామాను, తమ్ముడి సంచీ చీకట్లో ఎటు పోయాయో తెలియలేదు. మేం పడుకున్న చోటే వాగులా మారింది.

ఆ చోటు ఎంత పొరపాటుగా ఎంచుకున్నామో కట్టెల మోపుతో ఎదురైన ఆ అన్నే తర్వాత చెప్పారు. రెండు బండల మధ్య చదునుగా, మెత్తగా ఉందని మేం అక్కడ వేశాం. "గడ్డి అంతా ఒకే వైపు వాలి ఉంది కదమ్మా, సన్న గులకరాళ్లు పరుచుకుని ఉన్నాయి కదా. అది నీళ్లు దిగే దారి" అన్నారు. ఆ గడ్డి నేను చూశాను. మెత్తగా ఉందని చేత్తో నిమిరాను కూడా.

చీకట్లో పైనున్న బండ మీదికి ఎక్కబోయి తమ్ముడు జారాడు. కాలు మడత పడింది. లేవలేకపోయాడు. వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని, చిరిగిన గుడ్డ నెత్తిన పట్టుకుని మిగతా నలుగురం చుట్టూ కూర్చున్నాం. ఫోన్లకు సిగ్నల్ లేదు. వాడు మొదట గడగడ వణికాడు. కాసేపటికి వణుకు ఆగిపోయింది. హమ్మయ్య, తగ్గింది అనుకున్నాను. అది ఎంత ప్రమాదమో నాకు తెలియదు. మాట ముద్దగా రావడం మొదలైంది. నన్ను అమ్మా అని పిలిచాడు.

అప్పుడు కింద చెట్ల మధ్య లైటు కదిలింది.

వాళ్లు ముగ్గురు వచ్చారు. సాయంత్రం మాట్లాడిన అన్న, ఆయన బావమరిది, పక్కింటి కుర్రాడు. ఎవరూ పిలవలేదు. మా దగ్గర పిలిచే మార్గమే లేదు. వాన తగ్గకపోవడంతో నిద్ర పట్టక తామే బయలుదేరామని తర్వాత చెప్పారు. వస్తూనే ఒక పొడుగాటి బొంగు నరికారు. తెచ్చిన దుప్పటి రెండు కొసలూ దానికి ముడివేశారు. తమ్ముణ్ణి అందులో పడుకోబెట్టి భుజానికెత్తుకున్నారు. డోలీ.

ఈ డోలీ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మన్యంలో రోడ్డు లేని ఊళ్ల నుంచి నిండు గర్భిణులను, జ్వరంతో ఉన్న పిల్లలను ఇలాగే మోసుకొస్తారని పేపర్లో ఎన్నోసార్లు చదివాను. అయ్యో అనుకుని పేజీ తిప్పేశాను. అవసరం కోసం వాళ్లు భుజాలు కాయలు కట్టించుకున్న ఆ బొంగు మీద, సరదా కోసం వచ్చిన మా తమ్ముణ్ణి మోశారు. దాదాపు రెండు కిలోమీటర్లు, జారుడు మట్టిలో, గాలికి కొమ్మలు విరిగిపడుతుంటే. భుజం మార్చుకునేటప్పుడు తప్ప ఆగలేదు. ముందు పట్టిన కుర్రాడికి పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు. అతని అరికాలు రాయికి కోసుకుంది. ఇంటికి చేరి దీపం వెలుగులో గుమ్మం మీద రక్తం అడుగు చూస్తే గాని మాకు ఆ సంగతి తెలియలేదు.

ఇంట్లో వదిన అప్పటికే పొయ్యి రాజేసి ఉంచింది. ఆమె చేసిన మొదటి పని పక్క వీధిలోని ఆశా కార్యకర్తను పిలిపించడం. ఆ ఆశా అక్కకు నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. తమ్ముణ్ణి పొయ్యి దగ్గరకు లాక్కెళ్లబోతున్న నన్ను గట్టిగా కసిరి ఆపింది. ముందు తడి బట్టలన్నీ తీయించింది. పొడి దుప్పట్లు రెండు చుట్టి, తలకు గుడ్డ కట్టించింది. నేను అరికాళ్లు రుద్దుతుంటే అదీ వద్దంది. ఒంట్లోని వేడి అంతగా పడిపోయినప్పుడు ఒక్కసారిగా సెగ తగిలించినా, చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దినా మేలు కన్నా కీడే ఎక్కువట. తెలివి నిలబడి, మింగగలుగుతున్నాడని చూసుకున్నాక బెల్లం వేసిన వేడి రాగి జావ చెంచాతో పట్టించింది. సుమారు గంటకు వాడు మళ్లీ వణకడం మొదలుపెట్టాడు. "ఇప్పుడు భయం లేదు" అంది. కాలికి వెదురు బద్దలు పెట్టి కట్టింది. తెల్లవారేదాకా వాడి పక్కనే కూర్చుంది.

నా తడి చీర మార్చుకోమని వదిన తన చీర ఇచ్చింది. రేకు పెట్టె అడుగు నుంచి తీసిన, ఇంకా మడత విప్పని కొత్త చీర. పాతది ఇవ్వమని అడిగాను. "పాతవన్నీ తడిగా ఉన్నాయి" అంది. దండెం మీద పొడి చీరలు రెండు కనిపిస్తూనే ఉన్నాయి.

మంగళవారం పగలంతా వాన. ఆ మధ్యాహ్నమే బాపట్ల దగ్గర తుఫాను తీరం దాటిందని ఎవరి ఫోనులోనో వార్త వచ్చింది. దాటింది కదా, ఇక తెరిపిస్తుంది అనుకున్నాం. తీరం దాటాక అది బలహీనపడినా వాన మాత్రం ఉత్తరానికి జరిగింది. మాకు అసలు రాత్రి మంగళవారమే. వాళ్లది పెంకుటిల్లు, ఒక గది, ఒక వసారా. గదిలో సగం కాఫీ బస్తాలు. డిసెంబరంటే పాడేరు వైపు కాఫీ పండ్లు కోసే కాలం. తొక్క తీసి కడిగిన గింజ ఎండే దశలో తడిస్తే బూజు పడుతుంది, రంగు మారుతుంది, ధర పడిపోతుంది. అందుకే మనుషులకన్నా ముందు దాన్ని లోపల పెట్టుకుంటారు. ఆ బస్తాలను ఒకదానిపై ఒకటి ఎత్తి, మా ఐదుగురికీ చోటు చేసి, వాళ్లు నలుగురూ పొయ్యి పక్కన ముడుచుకుని పడుకున్నారు. వచ్చేటప్పుడు మాడుగులలో కొన్న హల్వా డబ్బా ఒకటి ఎలాగో కొట్టుకుపోకుండా మిగిలింది. వాళ్ల పిల్లలిద్దరూ దాన్ని మా అందరికీ సమంగా పంచారు. వాళ్లకు ఇవ్వడానికి ఆ రోజు మా దగ్గర ఉన్నది అదొక్కటే.

రాత్రి ఏ వేళకో పైకప్పు కారడం మొదలైంది, సరిగ్గా తమ్ముడు పడుకున్న చోట. అన్న లేచి బయటికి వెళ్లారు. కాసేపటికి నీలం రంగు బరకం ఒకటి తెచ్చి, వాసాలకు తాళ్లు బిగించి వాడి మీద పందిరిలా కట్టారు. నేను చూస్తూనే మళ్లీ నిద్రలోకి జారిపోయాను.

బుధవారం ఉదయం ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. కళ్లంలో రెండు వరి కుప్పలు. ఒకదాని మీద నీలం బరకం, దాని మీద రాళ్లు. రెండోది ఒట్టిగా తడుస్తోంది. దాని చుట్టూ కూడా రాళ్లు గుండ్రంగా ఉన్నాయి, బరువు పెట్టడానికి పైన ఏమీ లేదు. మాది రైతు కుటుంబమే. దగ్గరికి వెళ్లి పనల మధ్య చేయి పెట్టాను. లోపల వెచ్చగా ఉంది. తడిసిన కుప్ప వెచ్చబడిందంటే రెండు మూడు రోజుల్లో మొలకలు వస్తాయని మా నాన్న చెప్పేవారు. ఆ చేయి అలాగే పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెనకే వచ్చిన వదిన నా ముఖం చూసి, "అది చిన్న కుప్పలే అమ్మా" అంది.

చిన్న కుప్ప కాదు. రెండూ ఒకటే ఎత్తు.

మావారూ, తమ్ముడి స్నేహితులూ, ఊరి వాళ్లూ కలిసి అప్పటికప్పుడు ఆ పనలన్నీ వసారాలోకి, బడి వరండాలోకి చేరవేసి విడివిడిగా పరిచారు. కొంత దక్కింది, కొంత పోయింది. ఆ ఏడు ఒక్క ఆ కళ్లమే కాదు, కోస్తా పొడవునా ఎన్ని కళ్లాల్లో ధాన్యం తడిసిందో మీకు తెలుసు. కాని ఈ ఒక్క కుప్పను తడిపింది మాత్రం తుఫాను కాదు, మేం.

గురువారం ఉదయం వాన తెరిపిచ్చింది. రోడ్డుకు అడ్డంగా పడిన సిల్వర్ ఓక్ చెట్లను ఊరి కుర్రాళ్లు గొడ్డళ్లతో నరికి దారి చేశారు. సర్వీసు జీపు డ్రైవరు తమ్ముడి కాలు చాపుకోవడానికి రెండు సీట్లు ఖాళీగా వదిలి, మామూలు చార్జీ మాత్రమే తీసుకున్నారు. పాడేరు ఆసుపత్రిలో ఎముక చిట్లిందని కట్టు వేశారు. ఘాట్ దిగే బస్సులో కండక్టరు తన సీటే ఇచ్చారు. వీళ్లందరికీ పేరుపేరునా నా నమస్కారాలు. అరికాలు కోసుకున్న ఆ కుర్రాడికి ప్రత్యేకంగా. బాబూ, నీ గాయం మానిందని మొన్న చూశాను, మనసు కుదుటపడింది.

వచ్చేటప్పుడు డబ్బు ఇవ్వబోతే అన్న చేతులు వెనక్కి పెట్టుకున్నారు. బలవంతం చేస్తే బాధపడతారనిపించి ఊరుకున్నాం. అందుకే పండగ వెళ్లగానే మంచి మందం ఉన్న బరకాలు నాలుగు, పిల్లలకు చలి కోట్లు, ఆశా అక్కకు ఒక శాలువా తీసుకుని వెళ్లాం. కొత్త చీర ఒకటి వదినకు. ఆమె ఇచ్చినదాన్ని ఉతికి మడత పెట్టి తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. ఆడపడుచుకు పెట్టిన చీర వెనక్కి తీసుకుంటారా అంది. ఇప్పుడు అది నా దగ్గరే ఉంది.

ఆ పూట అక్కడే భోంచేశాం. తడిసిన వడ్లు పారేయలేదు, ఉప్పుడు చేసుకున్నారు. రాజ్మా కూరతో ఆ అన్నమే పెట్టారు. కాస్త ముక్క వాసన ఉంది. తమ్ముడు మాట్లాడకుండా తిని, మళ్లీ పెట్టించుకున్నాడు.

తిరిగి బయలుదేరుతుంటే పెరట్లో ఎర్రటి గుడ్డ ఏదో కనిపించింది. దగ్గరికి వెళ్తే మా గుడారం అడుగు గుడ్డ. వాన తగ్గాక అన్న కొండ మీదికి వెళ్లి వెతికి తెచ్చారట. చిరిగిన చోట్ల వదిన కుట్లు వేసింది. దాని మీద కాఫీ గింజలు పలుచగా పరిచి ఎండబెట్టారు. "మీదే కదా, గింజ ఎత్తేసి ఇస్తాను, తీసుకెళ్తారా?" అని అడిగారు.

వద్దన్నా, ఉంచుకో అన్నాను.