ప్లాస్టిక్‌లో ఏం కలిపారో డబ్బా మీదే రాయాలి

సంపాదకులకు నమస్కారం.

కొన్నేళ్లుగా అన్నానికీ కూరకీ వాడుతున్న ఒక ప్లాస్టిక్ డబ్బాను మొన్న వెలుతురులో పెట్టి చూశాను. లోపలంతా సన్నని గీతలు; నూనె రంగు పట్టేసి ఎంత తోమినా వదలడం లేదు, మూత తీస్తే పాత వాసన. మనం పెట్టిన పదార్థం రంగూ వాసనా ప్లాస్టిక్‌లోకి ఇంకుతున్నప్పుడు, ప్లాస్టిక్‌లో ఉన్నవి పదార్థంలోకి దిగడానికీ అడ్డు ఉండదు. వేడి, నూనె, పాతబడడం ఆ దిగడాన్ని ఇంకా పెంచుతాయి.

కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరచడానికి కలిపే థాలేట్లు అనే రసాయనాలు వాటితో రసాయనికంగా ముడిపడి ఉండవు కాబట్టి సులువుగా బయటికి వస్తాయి, కొవ్వు ఉన్న ఆహారంలోకి మరీను. పాలీకార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్ తయారీలోనూ రేకు డబ్బాల లోపలి పూతలోనూ వాడే బిస్ఫినాల్-ఏ (బీపీఏ) అనే రసాయనం శరీరంలో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అనుకరిస్తుంది. ఐరోపా సమాఖ్య 2011లో పసిపిల్లల పాలసీసాల్లో దాన్ని నిషేధించింది. 2023లో అక్కడి ఆహార భద్రతా సంస్థ, రోజుకు ఇంతవరకు పరవాలేదని 2015లో తానే చెప్పిన మోతాదును ఏకంగా 20,000 రెట్లు తగ్గించింది. ఆ ఎనిమిదేళ్లూ పాత అంకెను నమ్మి నిశ్చింతగా వాడుకున్న వారి సంగతి తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

‘బీపీఏ రహితం’ అన్న ముద్ర చూసి మనం ఊరట పొందుతాం. కానీ దాని స్థానంలో చాలాసార్లు వాడే బిస్ఫినాల్-ఎస్ కూడా హార్మోన్లపై అటువంటి ప్రభావమే చూపుతుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. ఇక అడుగున త్రికోణంలో ఉండే అంకె ప్లాస్టిక్ రకాన్ని చెబుతుందే తప్ప ఆరోగ్యానికి హామీ కాదు. 5 ఉంటే మేలని నేనూ చాలాకాలం నమ్మాను. ఆ 5 సూచించే పాలీప్రొపిలీన్‌తో చేసిన పాలసీసాల్లో 70 డిగ్రీల వేడినీళ్లు పోసి కుదిపితే లీటరుకు 1.6 కోట్ల వరకు ప్లాస్టిక్ సూక్ష్మకణాలు రాలుతున్నాయని ఐర్లండ్ పరిశోధకులు 2020లో వెల్లడించారు.

మెడ ధమనుల్లో పేరుకున్న కొవ్వును తీయించుకున్న 257 మందిని పరిశీలించిన ఇటలీ వైద్యులు, వారిలో సగానికి పైగా మందికి ఆ కొవ్వులో ప్లాస్టిక్ కణాలు ఉన్నాయని 2024లో ప్రకటించారు. కణాలు ఉన్నవారికి తరువాతి మూడేళ్లలో గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. ప్లాస్టికే కారణమని దీంతో రుజువైపోలేదు, ఆ మాట దాచకూడదు. అలాగని పూర్తి రుజువు దొరికేదాకా వేడివేడి పదార్థాన్ని అందులోనే పోసుకుంటూ కూర్చోలేం. గాజు, స్టీలు పాత్రలు చేతికందేచోటే ఉన్నాయి.

ప్లాస్టిక్‌లకు సంబంధించిన రసాయనాలు 16,000కు పైగా ఉన్నాయని 2024లో శాస్త్రవేత్తలు లెక్కతేల్చారు. వాటిలో ఏవి తన డబ్బాలో ఉన్నాయో కొనేవారికి తెలిసే దారి లేదు. బిస్కెట్ పొట్లం మీద అందులో ఏమేం కలిపారో రాసినట్టే, ఆహారం పెట్టే ప్రతి ప్లాస్టిక్ పాత్ర మీదా కలిపిన రసాయనాల పేర్లు, ఎంత వేడి వరకు పరీక్షించారన్న వివరం, ఎన్నాళ్లకు మార్చాలన్న సూచన తప్పనిసరిగా ముద్రించేలా ప్రభుత్వాలు నిబంధన తేవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు