ఆ గుయ్‌మనే మోత మీ ఇంటి ఎర్తింగ్‌ది కాదు, నా వైరింగ్‌ది

సంక్రాంతి తర్వాత మా షాపులో ఆంప్లిఫయర్ కొన్నవాళ్లందరికీ ఈ మాట. రేకు క్యాబినెట్‌లో బిగించి ఇచ్చిన ఆ 23 సెట్లలో, పాట ఆగగానే స్పీకర్లో గుయ్‌మని మోత వస్తోందని తొమ్మిది మంది ఫోన్ చేశారు. తొమ్మిది మందికీ నేను ఒకటే చెప్పాను: "మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదన్నా." అది తప్పు. నేను చూడకుండా చెప్పిన మాట.

మైదుకూరు దగ్గరి ఒక పల్లె భజన బృందం వాళ్లయితే నా మాట నమ్మి రామాలయం వెనక గుంత తవ్వి, రాడ్డు పాతి, ఉప్పూ బొగ్గూ వేసి, రెండు బిందెల నీళ్లు పోశారు. మోత అట్లే ఉంది. "ఏమప్పా, తవ్వమంటే తవ్వితిమి. ఇంగ ఆ సద్దు యాడ్నుంచి వస్తాందో నువ్వే చెప్పు" అని వాళ్ల పెద్దాయన అడిగితే నాకు నోట మాట రాలేదు.

షాపులో నాకు ఎందుకు వినపడలేదంటే, కడప ఏడు రోడ్ల దగ్గర పొద్దున్నుంచి రాత్రి దాకా ఆటోల హారన్లే. టెస్టింగ్ అంతా ఆ గోలలోనే, అదీ పాట పెట్టి. ఆ ఫోన్ వచ్చిన రాత్రి ఒక సెట్టు ఇంటికి తీసుకుపోయాను. పిల్లలు పడుకున్నాక ఆన్ చేసి, ఫ్యాను ఆపాను. వినపడింది. బాగానే వినపడింది.

వాల్యూమ్ మొత్తం తగ్గించినా పోలేదు. పాట వైరు గుచ్చే ఆర్‌సీఏ పిన్ను ఒకటి తీసుకుని, దాని రెండు కొసలూ కలిపి షార్ట్ చేసి ఇన్‌పుట్లో పెట్టినా పోలేదు. అంటే బయట నుంచి వచ్చేది కాదు, పెట్టెలోనే పుడుతోంది. కరెంటులోని ఎగుడుదిగుడులను సాపు చేసే ఫిల్టర్ కెపాసిటర్ వీకేమోనని 4700 తీసేసి 10000 మైక్రోఫారడ్ వేశాను. రవ్వంత కూడా తగ్గలేదు. అప్పుడు తీగల మీద అనుమానం వచ్చింది.

మనకొచ్చే కరెంటు 50 హెర్ట్జ్. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, రెండు డయోడ్లు దాటాక కెపాసిటర్ సెకనుకు 100 సార్లు గుక్కలు గుక్కలుగా కరెంటు తాగుతుంది. ఆ గుక్కలన్నీ ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగలోంచే తిరిగిపోవాలి. ఎంత మంచి రాగి తీగకైనా కొద్దిగా రెసిస్టెన్స్ ఉంటుంది కాబట్టి, గుక్క గుక్కకీ ఆ తీగ రెండు చివరల మధ్య కాస్త వోల్టేజీ లేస్తుంది. ఇన్‌పుట్ గ్రౌండును, అంటే పాట సిగ్నల్ తిరిగిపోయే తీగను (ఇంటి ఎర్త్ కాదు), నేను సరిగ్గా ఆ తీగ మధ్యలో టంకం వేశాను. ఆంప్లిఫయర్‌లో సౌండు పెంచే చిప్పు, 4440 ఐసీ, లోపలికొచ్చిన సిగ్నల్‌ను మూడు వందల రెట్లకు పైనే పెంచుతుంది. ఒక్క మిల్లీవోల్టు చేరినా చాలు, స్పీకర్ గుయ్‌మంటుంది.

ఆ టంకం ఊడదీసి, క్లిప్పు తీగతో ఇన్‌పుట్ గ్రౌండును ఐసీ గ్రౌండు పిన్ను దగ్గరికి మార్చాను. కొళాయి కట్టేసినట్టు ఆగిపోయింది.

పాత చెక్క క్యాబినెట్లలో ఈ గోల లేదు. అప్పట్లో ఏ గ్రౌండు తీగకు ఆ తీగ విడిగా లాగేవాడిని. రేకు క్యాబినెట్‌కు వచ్చాక లోపల నీట్‌గా కనపడాలని ఒకే తీగకు అన్నీ దండ గుచ్చినట్టు గుచ్చాను. మూత తీసి ఎవరు చూస్తారని ఆ సోకో! అది చాలదన్నట్టు వెనక సాకెట్లు రేకుకు తగులుతున్నాయి, బోర్డు స్క్రూలు కూడా తగులుతున్నాయి. గ్రౌండు రెండు దారుల్లో తిరిగి లూప్ అయింది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉంది కదా, దాని అయస్కాంత క్షేత్రం కూడా ఆ లూప్‌లో దూరుతోంది.

ఇప్పుడు మధ్య తీగ నేరుగా కెపాసిటర్ మైనస్‌కు పోతుంది. అక్కడి నుంచి ఒకే పాయింటుకు లావు తీగ. స్పీకర్, బోర్డు, ఇన్‌పుట్ గ్రౌండ్లు ఆ పాయింటు నుంచి వేటికవే విడిగా. సాకెట్లకు ఫైబర్ వాషర్లు. రేకుకు గ్రౌండు ఒక్కచోటే.

23 సెట్లూ ఫ్రీగా చేసిస్తాను. రోజుకు మూడే అవుతాయి కాబట్టి ఫోన్ చేసి రండి. ప్రొద్దుటూరు, రాయచోటి వైపు వాళ్లు బస్సు పార్సిల్‌లో వేయండి, రాను పోను ఖర్చు నాదే. అన్నీ అయ్యేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోను. మోత మొత్తం సున్నా అవుతుందని మాత్రం చెప్పను. స్పీకర్‌కు చెవి ఆనిస్తే సన్నగా వినపడుతుంది.

లాప్‌టాప్ కలిపితేనే మోత వచ్చి, చార్జర్ పీకితే పోతుంటే అది వేరే లూప్. ఆ కేబుల్ కూడా తెండి, చూద్దాం. అంతేగానీ మోత తగ్గుతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయొద్దు. ఒకాయన నిజంగానే పీకేశాడు, విని నాకు చెమటలు పట్టాయి. ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఇన్సులేషన్ పోయి 230 వోల్టులు రేకుకు వస్తే, కాపాడేది ఆ పిన్నే.

మైదుకూరు వైపు సెట్టుకు పోయిన ఆదివారం నేనే వెళ్లి రామాలయంలోనే కూర్చుని సరిచేశాను. పెద్దాయన స్పీకర్ దగ్గర చెవి పెట్టి విని, "మరి ఆ గుంత పూడ్చేద్దామా?" అన్నాడు. వద్దన్నాను. ఆ గుడికి అంతకుముందు ఎర్తే లేదు.