వార్షిక నివేదిక: రంగుకు అంకె వేసిన చిత్రకారులు

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

కోసిన కాసేపటికే వాడిపోయే పువ్వు రంగును, కెమెరా లేని కాలంలో, అడవిలో ఉన్న చిత్రకారుడు ఎలా దాచుకునేవాడన్న ఒక్క ప్రశ్నకే మన ప్రకృతి చిత్రకళా సంఘం ఈ ఏటి సమావేశాలను కేటాయించింది.

మొదట 1768లో నావికుడు జేమ్స్ కుక్ వెంట ఎండెవర్ నౌకలో వెళ్ళిన చిత్రకారుడు సిడ్నీ పార్కిన్సన్ గురించి చర్చించాము. మొక్కలు కుప్పలుగా వచ్చిపడుతుండగా ఆయన ఒక ఆకుకో ఒక పువ్వుకో కొంతమేర రంగు పూసి, మిగతా రంగుల వివరం కాగితం వెనుక రాసుకునేవాడు. 1771 జనవరిలో తిరుగు ప్రయాణంలోనే ఆయన మరణించగా, ఆ రాతల ఆధారంగా ఇతరులు ఎన్నో బొమ్మలను పూర్తి చేశారు.

ఎక్కువ సమయం మొక్కల చిత్రకారుడు ఫెర్డినాండ్ బాయర్‌కే పట్టింది. అది సబబేనని కార్యవర్గం అభిప్రాయం. నేటి చెక్ దేశంలోని వాల్టిట్సెలో 1760లో పుట్టిన బాయర్, చిన్ననాడే సోదరులతో కలిసి ఒక మఠాధిపతి సేకరణకు మొక్కల బొమ్మలు వేశాడు. ఒక్కో రంగు ఛాయకు ఒక్కో అంకె వేసుకునే పద్ధతి అక్కడే అలవడిందని పరిశోధకులు భావిస్తారు. 1786–87లో వృక్షశాస్త్రవేత్త జాన్ సిబ్‌థార్ప్‌తో గ్రీకు ప్రాంతాలు తిరిగినప్పుడు పెన్సిల్ గీతల మధ్య రంగుల అంకెలు మాత్రమే వేసుకుని, ఆక్స్‌ఫర్డ్ చేరాక వాటిని చూస్తూ రంగులద్దాడు. 1801లో ఇన్వెస్టిగేటర్ నౌకలో ఆస్ట్రేలియాకు బయలుదేరేనాటికి ఆ అంకెలు దాదాపు వెయ్యికి పెరిగాయి. వాటికి సరిపోయే రంగుల పట్టిక మాత్రం ఇంతవరకు దొరకలేదు.

ఫాల్గుణంలో మోదుగ చెట్ల కింద కూర్చుని ఈ పద్ధతిని మనమూ ప్రయత్నించాము. ఉమ్మడి పట్టిక ఒకటి తయారుచేసుకున్నా, ఒకే రేకకు ఇద్దరు సభ్యులు వేరువేరు అంకెలు వేశారు. పైగా ఇంటికి వచ్చి అదే అంకెతో కలిపిన కాషాయం తడి ఆరేసరికి మరో రంగుగా తేలింది. బాయర్ నేర్పు పట్టికలో కంటే, ఏళ్ళ తరబడి ఒకే కన్నుతో, ఒకే చేతితో రంగులు కలిపిన అలవాటులో ఉందని అప్పుడు అర్థమైంది.

సామర్లకోటలో మొక్కలు పెంచిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులచేత వేయించిన బొమ్మల నుంచి ఎంచినవి 1795–1820 మధ్య 300 చిత్రపుటలుగా అచ్చయ్యాయి. చెట్టు ఎదురుగానే ఉన్నవారికి అంకెల అవసరం అంతగా ఉండి ఉండదని ఒక సభ్యురాలు అన్న మాటను ఇక్కడ నమోదు చేస్తున్నాము.

వచ్చే ఫాల్గుణంలో ఇదే మోదుగను తిరిగి గీస్తాము. సభ్యులు ఎవరి పట్టికను వారే కలుపుకుని తీసుకురావలసిందిగా మనవి.

కార్యదర్శి