200 వాట్లు ఏం చేసుకుంటావు మామా?

నెల్లూరు, పొగతోట
ఆదివారం రాత్రి

ఒరే మామా,

నీ ఫోటోలు అందినాయి. రెండోది తలకిందులుగా వచ్చింది గానీ స్టిక్కర్ మీద అక్షరాలు కనపడతా ఉండాయి, చాలు. ఫోన్లో చెప్తే సగం విని "సరే సరే" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తుండా. చదివి దాచుకో. మళ్లీ మళ్లీ అడగబాక.

ముందు నువ్వడిగిన దానికే వస్తా. 200 వాట్ల ఆంప్లిఫయర్ కొనాలా అంటే, అక్కర్లా. కొత్త ఆంప్ కొనాలా అంటే, కొనాల్సిందే. ఈ రెండూ వేరే వేరే సంగతులు. నువ్వేమో రెండిటినీ ఒకటి చేసుకుని వారం నుంచి ఒంగోలు బజారంతా తిరుగుతుండావు.

ఇప్పుడు నీ ఇంట్లో ఉన్న పాత ఆంప్ డబ్బా సంగతి. ముందర 100 వాట్లు అని మెరిసే అక్షరాలతో రాసుండాది. మూత తీసిన ఫోటో పెద్దది చేసి చూశా. హీట్ సింక్‌కి బిగించి పొడుగ్గా నల్లగా ఒకటే ఐసీ, 14 కాళ్లు. అది 4440. సాన్యో వాళ్లు కారు స్టీరియోల కోసం చేసింది. మన మెకానిక్కులు ఊరూరా దానితోనే సెట్లు కట్టి ఇచ్చారు, చౌక, ఒక పట్టాన చెడిపోదు, పాపం తప్పేమీ లేదు. కాకపోతే కంపెనీ లెక్క ప్రకారం అది 13.2 వోల్టుల మీద, 4 ఓమ్‌ల స్పీకర్‌కి, ఒక్కో పక్క ఇచ్చేది 6 వాట్లు. ఓమ్‌లంటే కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు. నీ స్పీకర్లు 6 ఓమ్‌లు, అడ్డు ఎక్కువ, అంటే ఆ ఆరు వాట్లు కూడా రావు. మిగతాదంతా స్టిక్కర్ కొట్టినోడు ఇచ్చిన కానుక.

నువ్వు చెప్పావే, సౌండు పెంచితే బాలు గొంతులో స, శ అనేచోటల్లా చెవిలో గీసినట్టు ఉండాదని, అది స్పీకర్ల జబ్బు కాదు. పాటలో ఒక్కసారి పైకి లేచే చోట ఆంప్ దగ్గర అన్ని వోల్టులు లేక, అల పైభాగాన్ని చదునుగా కోసేస్తుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. అట్టా కోసిన చోట లేనిపోని పై స్థాయి శబ్దాలు పుట్టి ట్వీటర్ మీదికి, అంటే సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకర్ మీదికి, పోతాయి. పెద్ద ఆంప్ పెడితే స్పీకర్లు కాలిపోతాయని అందరూ భయపడతారు గానీ, చిన్న ఆంప్‌ని చివరిదాకా తిప్పి ట్వీటర్లు కాల్చుకున్నవాళ్లు కూడా కావాల్సినంత మంది ఉండారు. కాబట్టి నాబ్‌ని సగం దాటనీబాక, కొత్తది వచ్చేదాకా.

(బాలు అంటే గుర్తొచ్చింది. తిప్పరాజువారి వీధిలో ఆయన ఇల్లు 2020లో కంచి మఠానికి వేదపాఠశాల కోసం ఇచ్చేశారు గదా, మొన్న ఆ పక్కగా పోతా పిల్లోడికి చూపించా. ఆ ఇల్లు ఎవరిదో చెప్తే నోరు తెరిచాడు. ఆ గొంతుని నువ్వు 4440లో వినడం నాకేం నచ్చలా.)

సరే, ఎన్ని వాట్లు కావాలి? నీ స్పీకర్ వెనక స్టిక్కర్ మీద 87 డెసిబెల్ అని ఉంది చూడు, అదే అసలు సంగతి. ఒక వాట్ ఇస్తే, ఒక మీటరు దూరంలో ఆ స్పీకర్ 87 డెసిబెల్ మోగుతుందని దానర్థం. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 దగ్గర ఉంటుంది. నువ్వు కూర్చునేది మూడు మీటర్ల దూరంలో, స్పీకర్లు రెండు, గది మూసి ఉంటుంది. ఇవన్నీ కలిపినా ఒక్కో పక్క ఒక్క వాట్‌తోనే నీ కుర్చీ దగ్గర 80 దాటిద్ది. మా వదిన వంటింట్లోంచి కేకేసేది ఆడే. ఇంకో సంగతి, వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్లే. చెవికి "రెండింతలు గట్టిగా ఉంది" అనిపించాలంటే 10 డెసిబెల్ పెరగాలి, దానికి పదింతల వాట్లు కావాలి. అంటే 50 వాట్ల ఆంప్‌కీ 100 వాట్ల దానికీ తేడా, నువ్వు కళ్లు మూసుకుంటే కాస్త పెరిగిందా అనుకునేంత. 100కీ 200కీ మధ్య కూడా అంతే. నీ గదికి 200 వాట్లంటే సంగం బ్యారేజీ గేట్లెత్తి పెరట్లో కరేపాకు చెట్టుకి నీళ్లు పెట్టడమే.

నా మాట నమ్మబాక, కొలిచి చూడు. నీకో మల్టీమీటర్ ఉండాలి, ఫ్యాను రిపేరుకని కొన్నావే, అది. ఫోన్లో 120 హెర్ట్జ్ టోన్ ఒకటి దించుకో, మైనస్ 12 డెసిబెల్ స్థాయిలో రికార్డు చేసింది. ముందు నువ్వు ఎప్పుడైనా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఎంత గట్టిగా వింటావో అంత గట్టిగా ఒక పాట పెట్టు. నాబ్ ఆడే వదిలెయ్, ముట్టుకోబాక. పాట ఆపి, ఆంప్ కట్టేసి, స్పీకర్ వైర్లు పీకేసి, మళ్లీ ఆన్ చేసి అదే ఫోన్లోంచి, ఫోన్ వాల్యూమ్ కూడా మార్చకుండా, ఆ టోన్ పెట్టు. మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక పక్క ఎర్ర, నల్ల టెర్మినల్స్ మధ్య పుల్లలు ఆనించు. రెండు పుల్లలూ ఒకదానికొకటి తగలనీబాక, షార్ట్ అయితే ఆ ఐసీకి కర్మకాండ చెయ్యాలి. ఎంత చూపించిందో రాసుకుని నాలుగుతో హెచ్చవెయ్. మైనస్ 12 అంటే పూర్తి స్థాయిలో నాలుగో వంతు గదా, అందుకు. వచ్చిన వోల్టుల్ని వర్గం చేసి స్పీకర్ ఓమ్‌లతో భాగిస్తే, పాటలో అన్నిటికన్నా ఎత్తైన చోట నీకు కావాల్సిన వాట్లు తేలతాయి. మా ఇంట్లో కొలిస్తే 3 వోల్టులు వచ్చింది. నాలుగు మూళ్లు పన్నెండు, పన్నెండు పన్నెండ్లు 144, నా స్పీకర్లు 8 ఓమ్‌లు, 18 వాట్లు. పక్కింటాయన గోడ తట్టే స్థాయికి 18 వాట్లు! నీ 4440 మీద టోన్ దాకా ఇబ్బంది ఉండదు, కానీ పాటకి 12 వోల్టులు కావాల్సి వస్తే అదెక్కడ తెస్తుంది, లోపలికి వచ్చే పదమూడులో సగం కూడా అది ఏసీగా బయటికి ఇవ్వలేదు.

స్పీకర్లు పీకి కొలిచే ఈ పద్ధతి మన ట్రాన్సిస్టర్, ఐసీ ఆంప్‌లకే. ఎవరింట్లో అయినా ట్యూబ్ ఆంప్ ఉంటే దానికి స్పీకర్ లేకుండా సౌండ్ పెట్టకూడదు, లోపల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

కాబట్టి, కాస్త మిగులు ఉంచుకున్నా, 45 నుంచి 80 లోపు, నిజమైన వాట్లు చాలు. ఈ "నిజమైన" దగ్గరే బజారంతా దొంగాట. కాగితం మీద ఏం చూడాలంటే, 8 ఓమ్‌లకి, రెండు చానల్స్ ఒకేసారి నడుస్తుంటే, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 0.1 శాతం లోపు డిస్టార్షన్‌తో (అంటే శబ్దం చెడిపోవడం) ఎన్ని వాట్లు అని రాసుండాలి. ఒక్క చానల్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్ అని చిన్నక్షరాల్లో ఉంటే ఆ అంకెని పక్కన పెట్టెయ్. పీఎంపీవో అని, అంటే ఒక్క క్షణానికి కట్టిన ఊహల లెక్క, ఉంటే కొట్టువాడికి దణ్ణం పెట్టి బయటికి రా.

నువ్వు లింకు పంపిన అరచేతి డబ్బా కూడా చూశా. 300 ప్లస్ 300 అంట. దాంతో ఇచ్చే అడాప్టర్ ఏంది? 32 వోల్టులు, 5 ఆంపియర్లు. హెచ్చవేస్తే 160. లోపలికి 160 వాట్లు పోతుంటే బయటికి 600 ఎట్టా వస్తాయి సామీ? అయినా దాన్ని తీసిపారెయ్యను. దాంట్లో ఉండే క్లాస్ డి రకం చిప్పులు ఇప్పుడు చాలా బాగుండాయి, కరెంటు వృథా తక్కువ, పెద్దగా వేడెక్కవు, మీ ఒంగోల్లో రోహిణి కార్తెలో అది చిన్న సంగతి కాదు. చేతిలో డబ్బులు తక్కువుంటే నీ గదికి ఆ 160లో వచ్చేది కూడా ఎక్కువే. నా అభ్యంతరం రిపేరు దగ్గర. అది పోతే మన వైపు విప్పి బాగుచేసేవాడు లేడు, చెత్తబుట్టే.

మీ బాబాయి సలహా, మైకు సెట్టు వాళ్ల దగ్గర పాత అహూజా తీసుకోమన్నది, వద్దు. తిరునాళ్లలో చెట్టుకి కట్టిన హారన్లు ఊరంతా వినపడాలని చేసిన వస్తువది. చాలావాటికి ఒకటే చానల్, స్టీరియో కాదు. వెనకాల 100 వోల్ట్ లైన్ అని ఉండే టెర్మినల్‌కి నీ స్పీకర్ తగిలించావో, రెండో పాట వినక్కర్లా.

ఓమ్‌ల గురించి ఒక్క మాట. నీ స్పీకర్ మీద 6 అని రాసినా అది కదలకుండా ఆరు దగ్గరే కూర్చోదు. పాట స్వరాన్ని బట్టి పైకీ కిందికీ పోతా ఉంటుంది, కొన్ని చోట్ల నాలుగు దాకా దిగొచ్చు. దిగినప్పుడు ఆంప్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి. అందుకని 8 ఓమ్‌లకి ఇన్ని అని మాత్రమే రాసి ఊరుకున్నవాటి కన్నా, 4 ఓమ్‌లకి కూడా అంకె ఇచ్చినవి చూసుకో. 1978లో నాడ్ వాళ్లు 3020 అని ఒకటి తెచ్చారు, కాగితం మీద 20 వాట్లే. కష్టమైన స్పీకర్లని కూడా లాగి వాయించిందని ఈరోజుకీ చెప్పుకుంటారు. ట్రాన్స్‌ఫార్మరూ, పవర్ సప్లయ్యీ గట్టిగా ఉంటే వచ్చే లాభం అది. కొట్లో పెట్టె ఎత్తి చూడమని మా మెకానిక్ అంటాడు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండే పాత తరహా క్లాస్ ఏబీ ఆంప్‌లకి ఆ తూకం లెక్క పనిచేస్తుంది, క్లాస్ డికి చెయ్యదు.

మీ నాన్న రికార్డు ప్లేయర్ అటక మీద ఉంది గదా ఇంకా? అది దించే ఉద్దేశం ఉంటే ఫోనో ఇన్‌పుట్, అంటే రికార్డు ప్లేయర్ కోసమే ఉండే సాకెట్, ఉన్న ఆంపే తీసుకో. ఆ సూది మాగ్నెటిక్ రకమైతే దాన్నుంచి వచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు, సీడీ ప్లేయర్ ఇచ్చేది 2 వోల్టులు. పైగా రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు, ఫోనో విభాగం దాన్ని తిరగేసి సరిచేస్తుంది. మామూలు ఆక్స్‌లో పెడితే దోమ పాడినట్టుంటుంది.

నా మనసులో ఉన్నవి చెప్తా. మరాంజ్ పీఎం6007, ఒక్కో పక్క 45 వాట్లు, 4 ఓమ్‌లకి 60. డెనాన్ పీఎంఏ-600ఎన్ఈ, అదీ 45, దానికి బ్లూటూత్ ఉంది, వదిన ఫోన్లోంచి పెట్టుకోడానికి వీలు. రెండిటికీ ఫోనో ఉంది, టీవీకి ఆప్టికల్ ఉంది. నీకు అంకె పెద్దగా లేకపోతే నిద్ర పట్టదనుకుంటే యమహా ఏ-ఎస్501, 85 వాట్లు. ముగ్గురిలో ఎవరిది తీసుకున్నా నేను తిట్టను. నాకైతే మరాంజే.

మద్రాసు పోయి విని కొందామంటే పినాకిని ఎక్కు, నేను నెల్లూర్లో ఎక్కుతా. కానీ కొట్లో రెండు ఆంప్‌లు పక్కపక్కన వినిపించేటప్పుడు రెండూ ఒకే సౌండులో ఉండాయో లేదో చూడు. అర డెసిబెల్ ఎక్కువున్నది "క్లియర్‌గా ఉంది" అనిపిస్తుంది, అమ్మేవాళ్లకి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. సౌండు సమానం చేస్తే మంచి ఆంప్‌ల మధ్య తేడా, కొట్లో చెప్పేదాంట్లో పదో వంతు కూడా ఉండదు. అందుకే నేను గొంతు తియ్యగా ఉందా అనేదాని కన్నా సర్వీసు ఎక్కడ చేస్తారు, రిమోట్ పోతే దొరుకుతుందా అనేవి ముందు అడుగుతా.

ఇంకో సంగతి, నీకు కోపం రావచ్చు. హాల్లో చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేయించి ఊరందరికీ చూపించావు గదా, సౌండుకి అదే శత్రువు. నున్నటి నేల, ఖాళీ గోడలు, ఒక పరదా లేదు. ఆ గదిలో చప్పట్లు కొడితే టంగుమని తిరిగొస్తుంది. ఆంప్ కొనే ముందు స్పీకర్లకీ కుర్చీకీ మధ్య మందపాటి జంపఖానా ఒకటి పరిచి, కిటికీకి బరువైన పరదా వేసి, స్పీకర్లని మూలల్లోంచి ఒక అడుగు ముందుకి లాగి విను. ఇంత తక్కువ ఖర్చులో ఇంత మార్పు ఏ కంపెనీ ఇవ్వలేదు.

కరెంటు సంగతి నీకు చెప్పక్కర్లా, నువ్వే వైరింగ్ చేయించావు. మూడు పిన్నుల్లో ఎర్త్ పనిచేస్తా ఉందో లేదో మాత్రం చూసుకో. కేబుల్ టీవీ వైరు తగిలించిన టీవీని ఆంప్‌కి కలిపితే గుయ్ అనే శబ్దం వస్తే, ఆ కేబుల్ పీకి చూడు, ఆగిపోతే జబ్బు అక్కడే. పాత రకం ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది, కరెంటు పోయినప్పుడు పాటలు వద్దు. ఆంప్ పైన ఏమీ పెట్టబాక, ముఖ్యంగా పూల కుండీ. మా ఇంట్లో వెచ్చగా ఉంటుందని బల్లి లోపలికి దూరి బోర్డు మీద అడ్డంగా పడి రెండు ట్రాన్సిస్టర్లు పోయాయి. వెనక సందులకి సన్న జాలీ అంటించా, గాలాడుతుంది, బల్లి దూరదు. నువ్వు కూడా అంటించు.

వచ్చే ఆదివారం పొద్దున వస్తా. వదినకి చెప్పు, చేపల పులుసు నేనే తెస్తా, మీ ఒంగోలు పులుసు మీద నాకు నమ్మకం లేదు. ఈలోపు టోన్ దించి పెట్టుకో, మల్టీమీటర్‌లో 9 వోల్ట్ బ్యాటరీ ఉందో పోయిందో చూసి, పోతే కొని ఉంచు.

ఉంటా,
నీ మామ