సిమెంటు లేకుండా నిలిచే వంపు గోడ

షార్లెట్, నార్త్ కరోలినా

మావయ్యకి నమస్కారాలు.

ఫొటోలో పూలమడి చుట్టూ ఉన్న గోడ సిమెంటు లేకుండా ఎలా ఆగిందని అడిగారు కదా. కిటుకంతా బ్లాకులోనే ఉంది. ముఖం 12 అంగుళాలు, వెనక్కి పోయేకొద్దీ సన్నం, ఎత్తు 4 అంగుళాలు. వెనకంచున కిందికి దిగిన చిన్న పెదవి ఉంటుంది. అది కింది బ్లాకు వీపుకి తగులుకుని, పై వరుసని ముప్పావు అంగుళం వెనక్కి ఆపుతుంది. అలా గోడ మట్టి మీదకి ఒరిగి నిలబడుతుంది.

6 అడుగుల వ్యాసార్ధంతో అరచందమామలా వేస్తే ముఖం పొడవు 19 అడుగులకి కాస్త తక్కువ. నాలుగు వరుసలకి 76 బ్లాకులు. పగిలేవీ కోసేవీ కలిపి 85 చెప్పుకోవాలి. మేకు పాతి, తాడు పట్టి గుండ్రంగా గీత వేయడం మన ముగ్గు పోసే పద్ధతే. తవ్వే ముందు మాత్రం ఇక్కడ 811కి ఫోన్ చేయాలి. నేలలో గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టి వెళ్తారు.

కందకం 2 అడుగుల వెడల్పు, 10 అంగుళాల లోతు. అందులో 6 అంగుళాలు గ్రావెల్. మన ఎర్ర గ్రావెల్ అనుకునేరు! ముప్పావు అంగుళం కంకర నుంచి డస్ట్ దాకా కలిసిన సరుకు, రోడ్లకి పోసే వెట్ మిక్స్ లాంటిది. దిమ్మిస కొడితే దిగేది కలుపుకుని 24 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) పడుతుంది. మొత్తం ఒకేసారి పోసి దిమ్మిస కొడితే పైన గట్టిపడి అడుగు గుల్లగా ఉండిపోతుంది. రెండేసి అంగుళాలు పోసి, కాస్త తడిపి కొట్టాలి.

మొదటి వరుస పూర్తిగా నేలలోకి పోతుంది, కానీ సగం పని అదే. ఆ బ్లాకుల పెదవి ఉలితో కొట్టేయాలి, లేకపోతే చదునుగా కూర్చోవు. ఒక్కోదానికీ ముందూ వెనకా, పక్కలకీ మట్టం చూసి రబ్బరు సుత్తితో సర్దాలి. ఇక్కడ నూలు తేడా వదిలేస్తే పై వరుసలో బ్లాకు ఊగుతుంది.

వంపుతో చిక్కు పైకి వెళ్లేకొద్దీ వస్తుంది. ప్రతి వరుసా వెనక్కి జరుగుతుంది కాబట్టి గుండ్రం చిన్నదవుతుంది. ఈ కొలతలో ఒక్కో వరుస కిందిదానికన్నా సుమారు 2.4 అంగుళాలు పొట్టి. దాంతో బ్లాకుల మధ్య అతుకులు జరుగుతూ వచ్చి, కింది వరుస అతుకుల మీదే పడబోతాయి. 3 అంగుళాల ఎడం కూడా మిగలని చోట ఒక బ్లాకు కోసి అతుకుని మళ్లీ పక్కకి తప్పించాలి. కోసేటప్పుడు నీళ్లు పోస్తూ, మాస్కు పెట్టుకోవాల్సిందే. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇక్కడి నేల ఎర్ర బంకమన్ను, నీళ్లు త్వరగా ఇంకవు. ఇలాంటి గోడ కడుపు ముందుకొచ్చిందంటే చాలాసార్లు వెనక నిలిచిన నీళ్లే కారణం. అందుకే వెనక అడుగు వెడల్పున డస్ట్ లేని 20 ఎంఎం కంకర నింపి, కంకరకీ మట్టికీ నడుమ జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లని పోనిచ్చి మట్టిని ఆపేది) పరుస్తారు. గుడ్డ లేకపోతే మట్టి కొట్టుకొచ్చి కంకర సందులు పూడిపోతాయి. ఎత్తు పెరిగితే అడుగున 4 అంగుళాల చిల్లుల పైపు వాటంగా బయటికి తీయాలి. అడుగెత్తు మడికి పైపు లేకపోయినా నడుస్తుంది, కంకర లేకపోతే నడవదు.

గోడ నెత్తిన మూతలా వేసే పలకలకి మాత్రం గమ్ము పెడతారు. వంపులో వాటి మధ్య ముక్కోణపు సందులొస్తాయి, పక్కలు ఏటవాలుగా కోసుకోవాలి.

పెదవి లేని మామూలు సిమెంటు బ్లాకులు మాత్రం ఇలా పొడిగా పేర్చకండి. వాటికి కాంక్రీటు పునాది, సిమెంటు కట్టుబడి, నీళ్లు పోయే చిల్లులు ఉండాలి. మీ మడి కొలతలు పంపండి, లెక్క వేసి రాస్తాను. అత్తయ్యకి నమస్కారాలు.

మీ మేనల్లుడు